సంచీలోకి వెళ్ళిన చెయ్యి

సినిమావాళ్ళు పదహారు తుపాకులు చెయ్యమన్నారు.
నిద్రగన్నేరు కర్ర కోసి, చిత్రిక పట్టి
గొట్టాలకి అరంగుళం ఇనప పైపు బిగించాను.
కొత్తగా మెరుస్తున్నాయని డైరెక్టరు మొహం చిట్లిస్తే
టీ డికాషనూ లాంతరు మసీ కలిపి పూసి
రెండు రాత్రులు కొబ్బరి పీచుతో రుద్దాను.
మంచం కోళ్ళూ పెళ్ళిపీటలూ చేసిన చేతులివి.
మడమ భుజానికి ఎక్కడ ఆనాలో
నాకెవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే
కర్రని అక్కడ గుల్ల చేసింది.

నిజమైనవి రెండే.
హైదరాబాదు నుంచి తాళం పెట్టెలో ఖాజా సాయిబు తెచ్చాడు.
రిజర్వు పోలీసుల ఆయుధాలు బాగుచేసి రిటైరైన మనిషి.
నా దాన్నొకటి ఎత్తి చూసి,
"బరువు చాల్లేదు ఆచారీ,
ఇట్లా తేలిగ్గా ఉంటే మోసేవాడి భుజం అబద్ధమాడతాది" అన్నాడు.
మడమలు తొలిచి
వలలకి కట్టే సీసం గుళ్ళు నింపాను.
ఆ విధంగా నా తుపాకుల్లోకీ సీసం చేరింది.

లాకుల గట్టు మీద సీను.
కాలవలు కట్టేసిన రోజులు, అడుగు బురదలో కొంగలు.
కూలి పెంచమనే జనం అటు,
ఖాకీ నిక్కర్ల పోలీసులు ఇటు.
జనానికి తలకి ఆరొందలూ భోజనమూ.
పోలీసులకి ఎనిమిదొందలు. బూట్లు కరుస్తాయని.

"ధన్ ధన్ ధన్ మని పేలాలి, ఊపిరాడకూడదు" అన్నాడు డైరెక్టరు.
సాయిబు తల అడ్డంగా ఊపాడు.
"అప్పటి పోలీసు మస్కెట్టు సార్ ఇది.
ఒక్క తూటాయే పడుతుంది.
పేల్చాక బోల్టు లాగాలి, గుల్ల ఎగిరి పడాలి,
చెయ్యి నడుం సంచీలోకి వెళ్ళాలి,
ఇంకోటి తీసి పెట్టాలి, బోల్టు తొయ్యాలి,
మళ్ళా గురి చూడాలి.
ఆరు సెకన్లు. చెయ్యి వణికితే పది."

"పది సెకన్లు ఎవడు కూచుని చూస్తాడండీ!"

అప్పుడు జనంలోంచి సూరీడమ్మ.
అంబాజీపేటలో పీచు తాళ్ళు పేనే ముసలమ్మ.
"ఆయ్, సాయిబు గారు చెప్పిందే నిజవండి.
మా మేనత్త ఊళ్ళో చూశానండి, తొమ్మిదేళ్ళు నాకు.
ఒకటి పేలిందండి. పేలాక అతను
సంచీలో తడుముకున్నాడండి, తిత్తిలో వక్క కోసం చూసుకున్నట్టు.
గబుక్కున దొరకలేదండి. తలొంచి చూసి తీసుకున్నాడండి.
మా మేనత్త అప్పటికింకా నిలబడే ఉందండి."

ఎవరూ ఏమీ అనలేదు.
మైకు కర్ర పట్టుకున్న కుర్రాడు మాత్రం
దాన్ని నెమ్మదిగా కిందకి దించాడు.

ధన్ ధన్ ధన్ మనే తీశారు.
మొదటి దెబ్బకే కొంగలు లేచి లంకవైపు పోయాయి.
రెండో టేకుకి రాలేదు.
కొంగల్ని తర్వాత కంప్యూటర్లో పెట్టుకుంటారట.

సాయంత్రం సాయిబు గుల్లలు లెక్కపెట్టాడు.
నలభై రెండు పేలాయి, నలభై ఒకటి దొరికాయి.
ఒక్కటి తగ్గినా లైసెన్సు పోతుందన్నాడు.
యూనిట్టంతా వంగి బురద గాలించింది.
"ఆ రోజూ ఇలాగే ఎతికారండి. గుల్లలు" అంది సూరీడమ్మ,
కొంగు ముడి నడుంలో దోపుకుంటూ.
ఆరు నోట్ల ముడి అంత లావుండదు.
నేను చూశాను.
టార్చి కాలవవైపు తిప్పేశాను.
సాయిబు ఆ రాత్రి ఏం రాసుకున్నాడో, ఏ సంతకం పెట్టాడో,
అది నా మెడకే.

సినిమా రావులపాలెంలో చూశాను.
ఏది నాదో ఏది సాయిబుదో నాకే తెలీలేదు,
కొంచెం గర్వంగానే ఉంది.
సంచీలోకి వెళ్ళే చెయ్యి ఎక్కడా లేదు.

మిగిలిపోయిన ఒక తుపాకీని
పెరట్లో చక్కెరకేళి గెలకి పోటు పెట్టింది మా ఆవిడ.
వానకి డికాషను రంగు కారిపోయింది.
నేను పనిలో ఉంటాను.
ఒక మేకు కొట్టి, ఇంకో మేకు కోసం
సంచీలో చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోతాను.
"ఏం ఆగారు?" అంటుంది.
దొరకలేదంటాను.