ఆరు నిమిషాలు

మా మంచం పక్కనున్నది రేడియో గడియారం.
ఎర్ర అంకెలు, బీటవారిన మూత,
స్టేషను తిప్పే చక్రం మీద
మిలోయ్‌కా గోళ్లరంగు మరక.
అది సూర్యుణ్ణి చూసి టైము చెప్పదు.
గోడలోని కరెంటు నాడి పట్టుకుని కూచుంటుంది.
యాభై సార్లు కొట్టుకుందా,
సరే, ఒక సెకను, అంటుంది.
నాడి మందగిస్తే
దానికీ తెలీదు, మనకీ తెలీదు.

మారిబోర్‌లో తెజ్నో పేట, నాలుగో అంతస్తు.
నాకు ఫౌండ్రీలో రాత్రి పని.
ఆమెకు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని.
మంచం ఒకటే.
ఆమె పడుకున్న గుంట చల్లారకముందే
అందులో నేను.
అయిదింటికి ఆమె గుమ్మం దాటుతుంది.
అయిదూ అయిదుకి నేను మెట్లెక్కుతాను.
మధ్యలో మిగిలేది ఫ్రిజ్ మీద చీటీ:
"సూపు ఉంది. బాయిలర్ మనిషి వస్తాడు. ఉప్పు తే."
ఆదివారాలు లేవా అంటే ఉన్నాయి,
ఆదివారం ఇద్దరం నిద్రపోతాం.
పదకొండేళ్ల కాపురంలో
ఆమె గొంతుకన్నా చేతిరాతే
నాకు బాగా తెలుసంటే నవ్వకండి.

ఆ ఏడు జనవరిలో,
పడుతున్న మంచులో ఇంకా పూడని అడుగులు చూశాను.
కుడికాలు కొంచెం పక్కకి. ఆమెవే.
మరో వారానికి
వీధి మలుపులో ఎర్రటోపీ.
ఫిబ్రవరిలో ఒకరోజు కింది తలుపు దగ్గర
ఎదురుపడ్డాం, పొరుగువాళ్లలా.
"ముందొచ్చావేం?"
"నువ్వే ఆలస్యం."
"నా గడియారం ఎప్పుడూ తప్పలేదు."
ఆ రోజంతా నాకు నిద్రపట్టలేదు,
ఆమెని ఇంట్లో ఎవరు ఆపుతున్నారా అని.
చెప్పకూడదు గానీ, అంత వెధవాలోచన కూడా చేశాను.

తర్వాత మా కలయిక మెట్లెక్కడం మొదలుపెట్టింది.
మొదటి అంతస్తులో తలూపడం.
రెండో అంతస్తులో, జాగ్రత్త, జారుతుంది.
మూడో అంతస్తులో ఆమె నా చెంప మీది మసి
బొటనవేలితో తుడిచింది.
మార్చి మొదటివారానికి వంటింట్లోకి వచ్చేశాం.
ఆమె కోటు తొడుక్కుంటూ,
నేను బూట్లు విప్పుతూ,
మధ్యలో ఒకే కప్పు కాఫీ,
అటు సగం, ఇటు సగం.

అక్కడ ఆసుపత్రిలో సూపర్‌వైజరు బ్రెడా
రిజిస్టరులో ఎర్రగీతలు గీస్తోంది.
"మీ గోడగడియారమే పరిగెడుతోంది" అని
ఆమెతో పోట్లాడి వచ్చింది మిలోయ్‌కా.
చర్చి గంటని కూడా తిట్టింది.

చివరికి ఆ రేడియోయే చెప్పింది.
ఎక్కడో ఇద్దరి మధ్య కరెంటు లెక్కల తగువు,
ఇవ్వాల్సింది ఇవ్వలేదు,
పోలాండ్ నుంచి గ్రీసు దాకా
తీగల్లో నాడి కొంచెం నీరసించింది,
కరెంటు నమ్ముకున్న గడియారాలన్నీ
ఆరు నిమిషాలు వెనకబడ్డాయి.
ఒకే పెట్టె.
నోరు నిజం చెబుతోంది,
ముఖం అబద్ధమాడుతోంది.
మేమిద్దరం దానివంకే చూశాం.
కాఫీ ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు చీటీ:
"గడియారం సరిచేశాను.
నీ సగం కప్పులో ఉంది."
గోరువెచ్చగా ఉంది.

అయితే ఆ బాకీ తీర్చాలిగా.
నాడిని కొంచెం ఉరకలెత్తించి
పోయిన నిమిషాలు తిరిగి కడతారట.
సరిచేసుకున్న మా గడియారం
ఇప్పుడు ముందుకి పరిగెత్తడం మొదలెట్టింది.
రోజుకి ఇన్ని సెకన్ల చొప్పున
ఆమె నాకన్నా ముందుకి వెళ్లిపోతోంది.
నాకు తెలిసేది కప్పు అడుగు తాకితేనే.
గోరువెచ్చన.
చల్లన.
ఏప్రిల్‌కల్లా పైన మీగడ కట్టిన చల్లన.

నిన్న మధ్యాహ్నం నిద్రలేచి,
అది పరిగెత్తిందంతా వెనక్కి లాగేశాను.
అక్కడితో ఆగలేదు.
నా మొద్దు బొటనవేలితో
ఇంకొక్క నిమిషం.
ఒక్కటే.
బ్రెడా కళ్లజోడుకి ఆననంత.

ఇవాళ ఫ్రిజ్ మీద:
"గడియారం మళ్లీ నెమ్మదించింది.
కరెంటోళ్లకి చెప్పకు.
ఉప్పు ఇంకా తేలేదు."