చిన్న తరి

సంఘం గది అటక మీద,
ఎలకలు ఒక మూల రుచి చూసి వదిలేసిన
లెక్కల పుస్తకం దొరికింది.
"అక్కా, ఇది తెలుగంట, నువ్వే చదవాల"
అని పెట్టి పోయినాడు తణికాచలం మనవడు.
వాడికి ఇంట్లో తెలుగే, తిట్టినా తెలుగే,
అక్షరం మాత్రం ఒక్కటి రాదు.
కార్పొరేషన్ బడిలో తెలుగు సెక్షన్ మూసేనాటికి
మిగిలిన ఐదుగురిలో నేనొకదాన్ని.

చిన్న తరి పేట, నోళ్లల్లో నలిగి
చింతాద్రిపేట అయిందనేవాడు నాన్న.
తరి అంటే అరవంలో మగ్గం.
తెలుగులో తరి అంటే వేళ.
చిన్న మాత్రం రెండింటిలోనూ చిన్నే.

గొలుసుకట్టు రాత.
మాట ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతుందో
వేలు పెట్టి వెతకాలి, తెగిన పోగును వెతికినట్టు.
నీలిమందు రెండు డబ్బాలు. గంజికి నూకలు.
అమావాస్యనాడు మగ్గమెక్కిన నరసింగన్నకు
అణా తప్పు.
నాలుగు వరసల కింద, అదే నరసింగన్న
పెండ్లాం పురుటికి పావలా ధర్మం.
తర్వాత ఒక ఖాళీ పుట. తర్వాత

ఆనంద నామ సంవత్సరం, ఆశ్వయుజం.
"రాత్రి సముద్రము వైపునుండి గుండ్లు పడినవి.
నూనె తొట్లు మండుచున్నవి. పేట ఖాళీ.
చెంగల్వరాయునికి బండి బాడుగ నిమిత్తం
బాలగురవయ్య ఇచ్చిన చేబదులు
రూపాయలు మూడు."

చెల్లు అనే మాట కోసం
మిగిలిన పుటలన్నీ తిప్పినాను.
లేదు.
చెంగల్వరాయుడు మా ముత్తాత.

మా ఇంట్లో ఈ కథ వేరు.
ఎమ్డెన్ ఓడ వచ్చిన రాత్రి ఊరంతా పారిపోతే
ఆయనొక్కడే గుంటమగ్గంలో కాళ్లు దించుకుని
దీపం ఆర్పేసి, చీకట్లో నేసినాడని,
ఆ చీర అంచు వంకరపోయిందని, అదే మా గొప్పని.
వంకర అంచుది కాదు.
పిల్లల్ని, మూటల్ని, ముసలమ్మను బండిలో కుక్కి
పూందమల్లి రోడ్డు దుమ్ము మింగుతూ
అందరికంటే ముందే పోయినాడు మా శూరుడు.
ఇన్నాళ్లకి ఆయన నాకు
కొంచెం దగ్గర చుట్టమైనాడు.

బాలగురవయ్య వంశమంటే ఇప్పుడు
ఆటో సామాన్ల వీధిలో పొన్నురంగం కొట్టు.
ఆ వీధి పొడుగునా పడుగు సాగదీసి
కుంచెలతో గంజి పట్టిస్తూ
ఇటొకరు అటొకరు నడిచేవాళ్లట.
ఇప్పుడు క్లచ్ వైర్లు వేలాడుతున్నాయి,
నల్లవి, బూడిద రంగువి, వందల కొద్దీ,
గాలికి ఒకదానికొకటి తగులుకుంటూ.
పేక కోసం ఎదురుచూడని పడుగు.

రెండు రూపాయల బిళ్ల ఒకటి, రూపాయి బిళ్ల ఒకటి
బల్ల మీద పెట్టి సంగతి చెప్పినాను.
పొన్నురంగం చేతి గ్రీసు తుడుచుకున్నాడు.
"మరి వడ్డీ?"
"చేబదులుకు వడ్డీ యాడుండాదిరా!"
"నూట పదేండ్లక్కా. ఇంకా చేబదులేనా?"
పక్క కొట్టు మార్వాడీ కుర్రాడు
నూటికి రూపాయి లెక్కన క్యాలిక్యులేటర్ నొక్కినాడు.
చక్రవడ్డీనా, మామూలు వడ్డీనా అని అడిగినాడు.
ఇంతలో టీ వచ్చింది. చక్కెర జాస్తి.
చేపల మార్కెట్ నుంచి ఎవరో ఎవరినో
అరవంలో మొదలెట్టి తెలుగులో ముగించి తిడుతున్నారు.

"మా తాత పేరు యాడుండాది, చూపించు."
చూపించినాను. బా, ల, గు.
ర దగ్గర వేలు ఆపి చాలాసేపు ఉన్నాడు.
తీసేసరికి ఆ మాట కింద ఒక నల్లటి మరక.

పెద్ద బిళ్ల గల్లాపెట్టెలో వేసుకుని
చిన్నది నా వైపు తోసినాడు.
"ఇది ఉండనీ అక్కా.
లెక్క మూసేస్తే పుస్తకం మళ్లా అటకెక్కుతుంది."

అక్కడే, ఆయిల్ డబ్బా మీద ఆనించి,
వాడి పెన్నుతోనే రాసినాను:
వచ్చినది రెండు. నిలువ ఒకటి.
నా రాత గొలుసుకట్టు కాదు.
అక్షరాలు ఒకదాన్నొకటి తాకకుండా
బడి మూసేనాడు ప్రార్థనకి నిలబడ్డ
ఐదుగురిలాగా నిలబడినాయి.