రెండో నంబరు

రాత్రి పదకొండు దాటింది.
మిర్యాలగూడ సహకార బ్యాంకు మేడ మీద
సర్వరు గది ఒక్కటే మేల్కొని ఉంది, నేనూ.

పొద్దున కొత్త షెల్ ఎక్కించిన. మూడో నంబరు.
ఇస్త్రీ మడత విప్పని చొక్కా లెక్క ఉన్నది.
మెయిలు పెట్టెల పనిముట్టును పేరు పెట్టి పిలిస్తే
ఎర్రగా నాలుగు వరుసలు కసిరింది,
ఆ పేరుగలోళ్లు ఈ ఇంట్ల లేరని.

లేకపోవుడేంది!
నిన్న సందెల దాకా పలికింది గదా.

ఆగిపోయిన ఉత్తరాలు పద్నాలుగు వందల పన్నెండు.
హాలియా బ్రాంచి నుంచి మూడుసార్లు ఫోను.
తెల్లారేసరికి వడ్ల పైసల లెక్క పైకి పోవాలె.

సిగ్గు చంపుకొని ముత్తిలింగం సారుకు ఫోన్ కొట్టిన.
రిటైరై మూడేండ్లు. నిద్ర గొంతు.
"పాతదాన్ని తీసేసినవా, అలివేలూ?"
"లేదు సార్, కిందనే ఉన్నది."
"ఇగ బతికినం."

మా మేనమామ ఎడమ కాలువ మీద లష్కరు.
తూముకు కొత్త గేరు పెట్టిన ఏడు
పాత పిడికి నూనె రాసి, గోనెల చుట్టి
షెడ్డు వాసానికి వేలాడదీసిండు.
ఇంజనీరు నవ్విండు.
ఆ ఆషాఢంల గేరు పట్టేసింది.
నవ్వినాయనే నిచ్చెన పట్టుకున్నడు.

షెల్ అని కొట్టిన.
ఒక గీత. వర్షన్.
ఖాళీ. రెండు.

కాసేపు ఏం లేదు.
ఫ్యాన్లు ఊపిరి బిగబట్టినట్టే అనిపించింది,
అవి ఎప్పుడూ ఒక్క తీరుగనే తిరుగుతయి.
పలికింది.

పద్నాలుగు వందలు. పదమూడు వందల డెబ్బై. తొమ్మిది వందలు...
కాలువ చివరి మడిల
మట్టి మొదట రంగు మారుతది, నీళ్లు తర్వాత కనపడ్తయి.
గట్ల.

అన్నిటికంటె ముందు తూము దాటింది
హాలియా అటెండరు కిష్టమ్మ సెలవు చీటి.
"ఈ దినం ఒక్కరోజు" అని అడిగింది.
ఈ దినం అయిపోయి పావుగంట.

రిజిస్టరు తీసి రాసిన:
మూడు వచ్చింది. రెండును ఎవ్వరూ తీసెయ్యకుండ్రి.
పేజీ తిప్పితే వెనుక
ముత్తిలింగం సారు గుండ్రటి రాత,
పాత తారీఖు:
రెండు వచ్చింది. ఒకటిని దాచిపెట్టిన.

లైటు ఆర్పలే.
ఎక్కడ దాచిండో చూస్తున్న.