ఎర్ర దీపం

హల్ ఫార్‌లో ఇప్పుడు విమానాలు దిగవు.
పాత రన్‌వే పగుళ్లలో గడ్డి,
గోడ అవతల సముద్రం.
మాల్టాలో మిగతా రోడ్లన్నీ మలుపులే,
తిన్నగా ఉన్న పావు మైలు కోసం
ఆదివారం ఇంతమందీ ఇక్కడికి వస్తారు.

నాలుగేళ్ల జోర్జీనా నా మెడ మీద.
తలకంటే పెద్ద చెవి మూతలు,
సాల్వు కొడుకువి, ఒక పక్క టేపు చుట్టినవి.
"నాన్నా, నీ మాట నీళ్లలోంచి వస్తోంది" అంది.

నేను ఓర్మిలో రొట్టెలు కాలుస్తాను.
రాత్రి రెండింటికి లేచి, పిండి పొంగేదాకా
చేతులు కట్టుకు కూచోవడం నా పని.
గ్రాజియెల్లా పది సెకన్ల కోసం
ఆర్నెల్లు పాత ఎస్కార్ట్ పొట్ట కింద పడుకుంటుంది.
మా ఇంటి సబ్బు ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా అరుగుతుంది.

పందేలు మొదలవకముందు
గీత దాకా వెళ్లి చూడనిచ్చారు.
చక్రాలు జారకుండా అక్కడ నేలకి జిగురు రాస్తారు.
జోర్జీనా రెండడుగులు వేసింది.
మూడో అడుగుకి కాలు వచ్చింది, చెప్పు రాలేదు.
నేల నా చెప్పు తినేసిందని ఒకటే ఏడుపు.
ముసలి చెన్సు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి
పెనానికి అంటుకున్న అట్టు తీసినట్టు
చిరగకుండా తీసిచ్చాడు.
అప్పటినుంచి ఆ చెప్పు అడుగడుక్కీ చప్పరిస్తోంది.

తర్వాత మూడు గంటల ఎండ.
రెండు పస్టిజ్జీలు. ఒకసారి ఒంటేలు,
ఇంకోసారి ఉత్తుత్తి ఒంటేలు.
ఒక చీమని గీసిన గీత దగ్గర నిలబెట్టి
ఒకటీ రెండూ మూడూ అంది.
చీమ వెనక్కి పోయింది.

అప్పుడు మొదటి జత కదిలింది.
ఆ మోత చెవులకి కాదు, పళ్లకి వినిపిస్తుంది.
నా మెడ చుట్టూ చిన్న తొడలు బిగిశాయి,
నా జుట్టు రెండు గుప్పిళ్లలోకి పోయింది.
రబ్బరు పొగ మా మీదుగా వెళ్లిపోయాక చూస్తే
ఎదురుగా ఏమీ లేదు.
"ఏదీ?"
"అయిపోయింది."
"ఎప్పుడు?"

పదకొండో జతలో వాళ్లమ్మ.
తలుపు మీద జోర్జీనా అంటించిన చేప,
తలకిందులుగా.
స్తంభం మీద పసుపు, పసుపు, పసుపు,
ఇంకో రెప్పపాటు ఆగితే ఆకుపచ్చ.
ముందు చక్రం ఆగలేదు.

ఎర్ర దీపం.

బండి మాత్రం దూసుకుపోయింది
చివరిదాకా, ఆ రోజు అందరికంటే జోరుగా,
ఏ లెక్కలోకీ రాని జోరు.

జనం ఉసూరుమన్నారు.
నా నెత్తి మీద చప్పట్లు.
"అమ్మకి ఎర్రది వచ్చింది! ఇంకెవ్వరికీ రాలేదు!"
దాని వానకోటు ఎరుపు, బకెట్టు ఎరుపు,
జ్వరం మందు కూడా ఎరుపైతేనే మింగుతుంది.
విషయం చెబుదామని నోరు తెరిచాను.
చెవి మూతలున్నాయి కదా అని మూసేశాను.

గ్రాజియెల్లా కళ్లు ఎర్రబడి వచ్చింది.
పొగ, అంది.
హెల్మెట్ నేలకేసి కొట్టబోయింది, చెయ్యి పైకి లేచింది కూడా.
ఇంతలో చప్పరించే చెప్పుతో పరుగెత్తుకొచ్చి
"అమ్మా, దాన్నెట్లా వెలిగించావు?"

ఆమె నా వైపు చూసింది.
నేను పస్టిజ్జీ పొట్లంలో ఏదో వెతికాను.
"కొంచెం ముందే కదలాలి" అంది చివరికి.
"ఎంత ముందు?"
వేలూ బొటనవేలూ కలిపి చూపించింది,
మధ్యలో వెలుతురు కూడా దూరలేదు.

ఇంటికి వెళ్తూ గూడ్యా దగ్గర ఎర్ర లైటు.
వెనక సీట్లో నిద్రలోనే ఎవరో చప్పట్లు కొట్టారు, రెండంటే రెండు.
ఆకుపచ్చ పడింది.
స్టీరింగ్ మీద చేతులుంచుకుని గ్రాజియెల్లా అలాగే కూచుంది.
వెనక వ్యాను హారను కొట్టింది.
నేనేమీ అనలేదు.
ఎదురుచూడటం నాకు అలవాటే.