పేరు లోతు

ఆయన పేరు నేను పలుకను.
చెక్కుత.
ఇంటిపేరుతోని కలిపి పదకొండు అక్షరాలు,
రెండు ఒత్తులు, ఒక సున్న.
అక్షరానికి ఇరవై రూపాయలున్నప్పటి సంది చెక్కుతున్న,
ఇప్పుడు నలభై ఐదు.

దేవరకొండ బస్టాండు ఎనుక, పంక్చర్ షాపు పక్కకు
రేకుల కింద నా కొట్టం.
మా నాయిన సమాధి రాళ్లకు పేర్లు కొట్టెటోడు.
సచ్చినోళ్లు బేరమాడరురా అని నవ్వెటోడు.
నాకు బతికున్నోళ్లు దొరికిన్రు.

నల్ల గ్రానైటు, మూడడుగులకు రెండు.
అందరికంటె పైన, అందరికంటె లావుగ ఆయన.
కింద జెడ్పీ మెంబరు, ఆ కింద సర్పంచి,
సర్పంచి ఆడామె అయితే పక్కపొంటి ఆమె మొగడు.
"ఇంజనీరును సన్నగ కొట్టు" అంటడు పీయే,
"ముట్టాల్సింది ముట్టింది, పేరు కనవడకున్నా ఏమనడు."

ఒకపారి ఆయనే కారు దిగి వచ్చిండు.
రాళ్లపొడిల చెప్పులిడిచి లోపటికొచ్చిండు,
గుడనుకున్నడో ఏమో.
తన పేరును ఏలుతోని తడిమిండు,
పసిపిల్ల బుగ్గ తడిమినట్లు.
"చారీ, ఎంత లోతు?"
"పావు ఇంచి సార్."
"ఎన్నేండ్లుంటది?"
"రాయి ఉన్నన్నేండ్లు."
ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి.
అబద్ధమెందుకు చెప్పాలె, తిరిగినయి.

"నాకెందుకయ్య పైసలు? షుగరు నాకు,
తినేది రెండు జొన్నరొట్టెలు.
వచ్చింది వచ్చినట్టు పంచుత.
పెండ్లికి పదివేలు, సావుకు ఐదు,
అర్ధరాత్రి దవాఖానకు ఫోను.
సర్కారు పైస సర్కారు పెడితె ఎవడు యాది వెట్టుకుంటడు?
నా చేతులకెల్లి పోతె పేరుంటది. గంతే గదా ఫరకు."
నమ్మే అన్నడు.
నాటకమైతె నాకు తెలుస్తుండె,
పేర్లు చూసి చూసి మనుషులను పట్టెటోన్ని.

ఏ పనికైనా ముందుగాల పాసయ్యేది రాయి బిల్లే.
నాకిచ్చేది ఆరువేలు,
కాయిదం మీద ఇరవై రెండు.
వర్క్ ఇన్‌స్పెక్టర్ లచ్చిరాం స్టాంపు పట్టుకొస్తడు:
"ఇక్కడ్నే చారన్న, జర అద్దు."
నూటికి ఒకటి వానిది.
దాంట్లకెల్లే నాకు చాయ్ తాపిస్తడు.
తాగుత.
అల్లం ఎక్కువేయమంట.

మొన్న మేకపిల్ల కోసం రేకుల తండాకు పోయిన.
అక్కడి ట్యాంకుకు రాయి కొట్టింది నేనే,
మూడేండ్లాయె.
అరవైవేల లీటర్లు, తొమ్మిదొందల అడుగుల బోరు.
ట్యాంకు జాగల నాలుగు పిల్లర్లు నిలబడి ఉన్నయి,
నెత్తిన సలాకలు తుప్పుపట్టి, దువ్వని జుట్టు తీరుగ.
బోరు మూడొందలకాడ బండ తగిలి ఆగిందట.
కాయిదంల ఇంక దిగుతనే ఉన్నది.

రాయి కనవడలె.
గోడ కట్టిన జాగల రెండు ఇటుకలు, ఎండిన కొబ్బరిచిప్ప.
సోమ్లీబాయి ట్యాంకర్ నీళ్లతోని బట్టలుతుకుతున్నది.
బండను చూసిన.
అంచు కోత నాది, చీకట్ల కూడ గుర్తువడ్త.
నున్నటి మొకం మట్టిలకు,
గరుకు ఈపు మీదికి.
"మొకం మీద ఉతికితె గుడ్డ జారుతున్నదన్న,
గందుకే బోర్లేసుకున్న.
ఏదో రాసుంది, ఏంది?"

నోరు రాలె.
"పేర్లు" అన్న.
"నీళ్ల సంగతేమన్న ఉన్నదా దాంట్ల?"
ఉన్నది. ఆఖరి వరుసల, అన్నిటికంటె సన్నగ.
చెప్పలె.

ఆమె రెండు చేతులతోని బండంచు లేపింది.
తడి మట్టిల పదకొండు అక్షరాలు
తిరగవడి, ఉబ్బి ఉన్నయి.
ఏలు పెట్టి చూసిన. పావు ఇంచి.
ఆ పని మొత్తంల కొలతకు సరిగ్గ జరిగింది
గదొక్కటే. గది నా పని.

"బరువున్నదన్న," అన్నది సోమ్లీబాయి,
"జెల్ది చూడు."