కుడి చెవి వైపు

నా ఎడం చెవి చీమకుర్తి క్వారీలో పోయింది,
మందు పేల్చే పనిలో, తొమ్మిదో ఏడు.
ఇప్పుడు కారు తోలతా.

ఎలియో కూచునేది నా ఎడం పక్కనే.
వాళ్ళ దేశంలో డ్రైవరు అటుపక్కన కూచుంటాడంట,
అక్కడైతే నా మంచి చెవి అతని వైపుండేది.
ఇక్కడ అతనేదన్నా అడిగితే
మెడ మొత్తం తిప్పి వినాలి,
కర్నూలు రోడ్డులో, రాళ్ళ లారీల మధ్యన.

అడగడం మానడు.
"మాల్యా, అదేంది?"
మాల్యాద్రి అనేదానికి నోరు తిరగలా గానీ
"అదేంది" మాత్రం నెలలోపే మన యాసలో పట్టేశాడు.
మిగతాదంతా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

అదేందో నాకు వినపడితే గదా!
బండి పక్కకి తీసి, ఇంజను ఆపి,
అద్దం దించి, కుడి చెవి గాలికి పెట్టి...
ఓస్, అదా.
వెనక్కొస్తా పాట పాడే కారు.
"వెనక్కి పోయేదానికి పాటెందుకు?"
ముందుకు పోయేదానికి హారనుంది,
దీనికీ ఏదో ఒకటుండాలిగా అన్నా.
పుస్తకంలో రాసుకున్నాడు.

లాయర్‌పేటలో మా మిద్దె మీదే అతని గది.
మొదటి వారం పొద్దున పూట
దగ్గర్లో రైలు పోతందనుకున్నాడు,
ఏ స్టేషన్లోనూ ఆగకుండా కూసే రైలు.
మా రవణమ్మ ఇడ్లీ పెడతా చెప్పింది:
అది పక్కింటి పప్పు, మూడో కూతకి దించుద్ది.
వెనకింట్లో ఇవాళ ఆలస్యం, ఇంకా ఒకటే.
ఆ మూలింట్లో ఆరు,
పెద్దాయనకి పళ్ళు లేవు, మెత్తగా ఉడకాల.
నేను ఇంగ్లీషులోకి మార్చేలోగా
అతను చెంచా కింద పెట్టేసి
గోడ వైపు చూస్తన్నాడు.

మంగమూరు రోడ్డులో ఒకసారి
మా ముందు బండి మీద వెనక కూచున్నోడు
బీరువా అద్దం పట్టుకున్నాడు, మనిషంత ఎత్తుది.
మా కారుకి మా కారే ఎదురొస్తంది,
ఎంత తోలినా గుద్దుకోకుండా.
ఆ రోజు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలా.

కరెంటు పోయినప్పుడు భయపడలేదు గానీ
వచ్చినప్పుడు భయపడ్డాడు.
వీధి వీధంతా ఒక్క గొంతుతో "హే..." అంటే
కిందికి ఫోను చేశాడు, ఎవరు గెలిచారని.
ఎవరూ గెలవలా సారూ, ఫాన్లు తిరిగినయ్.

జ్వరమొచ్చిన రోజు రవణమ్మ ఉప్పు దిగదుడిచి
కణతల దగ్గర మెటికలు విరిచింది, పటపటా.
"రాయిలో ఈ చప్పుడొస్తే మేం కొనం" అన్నాడు.
అది పగులు కాదు, దిష్టి పోయిన చప్పుడు
అని చెప్పేదానికి నాకు ఇంగ్లీషు సరిపోలా.

క్వారీలో మాత్రం అతనికి మాటలుండవు.
చిన్న సుత్తితో రాయిని తట్టి
చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు.
నల్లరాయి, లోపల చుక్కలు,
అమాస రాత్రిని ముక్కలు కోసి పేర్చినట్టు.
మంచి రాయి గంటలా మోగుద్ది.
లోన చీలికుంటే
జలుబు చేసినోడి గొంతు.

వెళ్ళిపోయే ముందు రోజు
సుత్తి తన చేతిలోనే ఉంచుకుని
నన్ను ఆనించమన్నాడు.
కుడి చెవి పెట్టబోతే తల పట్టి తిప్పాడు.
ఎడందా? అది పనికిరాదయ్యా, పోయింది.
వినలా.

కొట్టాడు.

చెవిలోంచి కాదు.
దవడ ఎముకలోంచి, పళ్ళలోంచి
ఏదో పాక్కుంటా వచ్చింది.
ఆ చెవిని పొట్టన పెట్టుకున్న రాయే
లోపల్నించి పలికినట్టుంది.
ఎండకి కళ్ళు మండినయ్ అని చెప్పా.

మిద్దె మీద గది ఖాళీగా ఉంది.
"ఏందయ్యా, పొద్దున్నే గోడకి బల్లిలా అతుక్కున్నావ్?"
రవణమ్మ గొంతు కుడి వైపునించి.

ఉండవే.
మూలింటోళ్ళది
ఇంకో కూతుంది.