తీగ తెగాక

డండీలో, మూతపడ్డ చెప్పుల కొట్టు కింద నేలమాళిగ.
లెక్కపెట్టాను: ఇరవైముగ్గురం,
టీషర్టులమ్ముతున్న డ్రమ్మరు వాళ్ళమ్మతో కలిపి.

మూడో పాటలో స్ట్రూయన్ గిటారు తీగ తెగింది.
ఇంకో గిటారు లేదు.
మోకాళ్ళ మీద కూచుని సంచీ తడుముకుంటుంటే
ఎవరో ఫోను దీపం పట్టారు,
కరెంటు పోయినింట్లో సూది వెతికేవాళ్ళకి పట్టినట్టు.

మోర్వెన్ మాత్రం డ్రమ్ము ఆపలేదు.
చిన్నగా, ఒంటిచేత్తో,
రెండో చేత్తో మెడ మీద చెమట తుడుచుకుంటూ.
మా పాదాలు దాన్ని అందుకున్నాయి.
కప్పు నుంచి సున్నం రాలింది నా బీరులో.

తీగ బిగిసింది. శ్రుతి కుదర్లేదు.
అలాగే వాయించాడు.

ఆ పాట పేరు ఇప్పటికీ తెలీదు.
బయట వాన. ఆఖరి బస్సులో
పక్కసీటు ముసలాయన ఏదో అడిగాడు.
చెవుల నిండా హోరు,
అవునన్నాను.